నల్ల పిల్లి భయం మనదేనా, దిగుమతి సరుకా?

సత్తెనపల్లి_శీను
హాలోవీన్ అనే అమెరికా వాళ్ళ దయ్యాల పండగ పేరుతో మా ఆఫీసు రిసెప్షన్ నిండా నల్ల పిల్లి బొమ్మలు అతికించారు. లంచ్ దగ్గర దాని మీద వాదన మొదలైంది. మా టీమ్‌లో ఒకాయన గట్టిగా చెప్పాడు: 13వ శతాబ్దంలో పోప్ నల్ల పిల్లులన్నిటినీ చంపమని ఆజ్ఞ ఇచ్చాడట, పిల్లులు పోయేసరికి ఎలుకలు పెరిగాయట, ఎలుకల వల్ల ప్లేగు వచ్చి యూరప్ తుడిచిపెట్టుకుపోయిందట. వినడానికి బాగానే ఉంది, అందుకే నాకు అనుమానం. ఇది నిజమేనా?

రెండో ప్రశ్న మన గురించి. పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటుంది మా అమ్మ. నల్ల పిల్లికేనా, అన్నిటికీనా అని ఫోన్ చేసి అడిగాను. "పిల్లికి రంగేంట్రా" అంది. మరి ఈ నల్ల రంగు మన బుర్రల్లోకి ఎప్పుడు ఎక్కింది?

పాలపిట్ట
మా కరీంనగర్ దిక్కు కూడా అంతే. పిల్లి అడ్డమొచ్చిందా లేదా అన్నదే లెక్క. మా నాయనమ్మ ఇంట్లో చారల పిల్లి ఉండేది. అది రోజుకు పదిసార్లు మా తాత ముందు నుంచే పోయేది. ఇంటి పిల్లికి శకునం లేదని ఆమె రూలు. పక్కింటి పిల్లి వస్తే మాత్రం తాత చెప్పులు విడిచి మళ్ళీ వేసుకునేవాడు. రెండు పిల్లులూ ఒకే రంగు.

వాదన_వద్దు
ఇందులో సైన్స్ ఉంది బ్రదర్స్. పాత రోజుల్లో రాత్రిపూట ఎడ్లబండ్ల మీద ప్రయాణం. చీకట్లో పిల్లి కళ్ళు మెరిసేసరికి ఎడ్లు బెదిరేవి. అందుకని బండి ఆపి, ఎడ్లకు కాస్త నీళ్ళు పట్టి బయల్దేరమన్నారు. తర్వాత జనం కారణం మర్చిపోయి ఆచారం మాత్రం పట్టుకున్నారు. పెద్దవాళ్ళు ఏదీ ఊరికే చెప్పలేదు.

పశువుల_డాక్టర్
ఈ ఎడ్లబండి కథ నాకు వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరిగి తిరిగి వస్తుంది. వృత్తిరీత్యా ఒక్క మాట. పిల్లి కంట్లో రెటీనా వెనక కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, దాన్ని టపీటమ్ అంటారు. మెరుపు దానిదే. ఆ పొర ఎద్దుకూ ఉంది, ఆవుకూ గేదెకూ గొర్రెకూ కుక్కకూ ఉంది. రాత్రి పూట టార్చి తీసుకుని పశువుల పాకలోకి వెళ్ళండి, చుట్టూ మెరిసేవన్నీ కళ్ళే. పక్క ఎద్దు కళ్ళు మెరిస్తే బెదరని ఎద్దు, గుప్పెడంత పిల్లి కళ్ళకు బండి తిరగేస్తుందా?

ఇంకోటి. కళ్ళు మెరవాలంటే వాటి మీద వెలుతురు పడాలి. బండి కింద వేలాడే లాంతరు వెలుగుకు ఎంత దూరంలో పిల్లి కళ్ళు మెరుస్తాయో మీరే ఆలోచించండి. పోనీ అదే కారణం అనుకున్నా, పట్టపగలు పరీక్షకు వెళ్ళే పిల్లాణ్ణి గుమ్మంలో ఎందుకు ఆపుతున్నాం?

వాదన_వద్దు
డాక్టర్ గారూ, నా పేరు చూశారుగా. వాదన వద్దు 😀 కానీ పెద్దవాళ్ళ మాట అలా తీసిపారేయకండి.

పాత_కాగితం
శీను గారూ, మీ మొదటి ప్రశ్నకు. మీ టీమ్ మేట్ చెప్పినదాంట్లో చిటికెడు నిజం ఉంది, మిగతాదంతా ఇంటర్నెట్‌లో వండిన పులుసు.

ఆ పోప్ పేరు గ్రెగరీ 9. 1233 జూన్‌లో ఆయన జర్మనీకి ఒక లేఖ రాశాడు. లాటిన్‌లో దాని మొదటి మాటలను బట్టి 'వోక్స్ ఇన్ రామా' అంటారు. రాజు హెన్రీకీ, మైంజ్ ఆర్చిబిషప్‌కూ, మరికొందరికీ పంపిన లేఖ అది. రైన్ నది ప్రాంతంలో సైతానును కొలిచే రహస్య ముఠా ఉందని కొన్రాడ్ అనే మార్‌బుర్గ్ విచారణాధికారి పోప్ చెవిన వేశాడు. ఆ ముఠాలో చేరేవాళ్ళు ఏం చేస్తారో లేఖలో వర్ణన ఉంది. కొత్తగా వచ్చినవాడు ముందు ఒక కప్పను ముద్దు పెట్టుకోవాలి. తర్వాత ఎముకల గూడులాంటి పాలిపోయిన మనిషి వస్తాడు, ఒళ్ళు మంచులా చల్లగా ఉంటుంది, అతన్ని ముద్దాడగానే క్రైస్తవ విశ్వాసం మొత్తం మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. భోజనాలయ్యాక అక్కడున్న విగ్రహం మీద నుంచి ఒక మోస్తరు కుక్కంత నల్ల పిల్లి తోక నిక్కబొడుచుకుని వెనక్కి నడుస్తూ దిగుతుంది. అందరూ వరసగా దాని వెనక భాగాన్ని ముద్దు పెట్టుకోవాలి. ఆ తర్వాత దీపాలు ఆర్పేస్తారు. మిగతాది మీరు ఊహించుకోవచ్చు, లేఖ రాసినవాళ్ళు బాగానే ఊహించారు.

ఆ లేఖలో పిల్లులను చంపమన్న మాట ఒక్కటీ లేదు. పట్టుకోమన్నది మనుషుల్ని. అది కూడా జర్మనీ వరకే. కొన్రాడ్ అదే ఏడాది జూలై 30న హత్యకు గురయ్యాడు, ఆ వేట అక్కడితో చాలావరకు చల్లారింది.

ఈ పిల్లి వర్ణన కూడా అప్పుడు పుట్టింది కాదు. అంతకు యాభై ఏళ్ళ ముందే వాల్టర్ మ్యాప్ అనే ఇంగ్లండ్ రాజాస్థాన రచయిత ఇలాంటిదే రాశాడు. అక్కడ పెద్ద నల్ల పిల్లి తాడు పట్టుకుని పైనుంచి దిగుతుంది. అంటే చర్చికి గిట్టనివాళ్ళ మీద వేయడానికి ఒక రెడీమేడ్ నింద తయారుగా ఉంది, పేర్లు మార్చి వాడుకున్నారు.

సత్తెనపల్లి_శీను
అద్భుతం సార్. మరి ప్లేగు?

పాత_కాగితం
బ్లాక్ డెత్ అని పిలిచే ఆ ప్లేగు 1347లో యూరప్‌కు చేరింది. లేఖకూ దానికీ నూరేళ్ళకు పైగా తేడా. పిల్లి ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనే జంతువు. జర్మనీలో ఏదో మూల కొన్ని పిల్లుల్ని చంపారనే అనుకుందాం, నూరేళ్ళ తర్వాత వాటి లోటు తెలుస్తుందా?

ఇంకో పెద్ద చిక్కు ఉంది. 1348లో అదే ప్లేగు ఈజిప్టులోని కైరోను కూడా ఊడ్చేసింది. కైరోలో పిల్లుల్ని చంపిందెవరు? అక్కడ పిల్లి ముద్దుబిడ్డ. సుల్తాన్ బైబర్స్ వీధి పిల్లుల తిండి కోసం ఒక తోట రాసిచ్చాడని కైరోలో చెప్పుకుంటారు, ఆయన 1277లో పోయాడు. పిల్లుల్ని నెత్తిన పెట్టుకున్న ఊరూ చచ్చింది, పిల్లుల్ని తిట్టిన ఊరూ చచ్చింది. పోప్ థియరీ కైరో దగ్గర కూలిపోతుంది.

1484లో ఇన్నోసెంట్ 8 అనే పోప్ మంత్రగత్తెల మీద ఇచ్చిన ఆజ్ఞాపత్రాన్ని కూడా ఇలాగే పిల్లుల మెడకు కడతారు. అందులో పిల్లుల ప్రస్తావనే లేదు.

పశువుల_డాక్టర్
దానికి నా వంతు. పిల్లులుంటే ప్లేగు రాదు అన్నది కూడా సగమే నిజం. పిల్లికి కూడా ప్లేగు వస్తుంది, బాగా తీవ్రంగా వస్తుంది. అమెరికా నైరుతి రాష్ట్రాల్లో జబ్బు పడ్డ పెంపుడు పిల్లి నుంచి మనుషులకు, అందులోనూ మా పశువైద్యులకు, అంటుకున్న కేసులు ఉన్నాయి.

కానీ మన దేశంలో దీని మీద ఒక ముచ్చట ఉంది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు ఏళ్ళ తరబడి వదల్లేదు. అప్పుడు మధ్యభారతంలోని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పనిచేసిన బుకానన్ అనే మిలిటరీ డాక్టర్, పిల్లులు ఎక్కువ ఉన్న ఊళ్ళలో ప్లేగు తక్కువగా ఉందని వాదించాడు. ప్లేగు అడ్డుకోవడానికి పిల్లుల్ని పెంచండి అంటూ 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోచ్ కూడా ఆ రోజుల్లో జపాన్ వాళ్ళకు ఇదే సలహా ఇచ్చాడు. పిల్లి ఎదురొస్తే ఆగిపోయే దేశంలో, ఇంటికో పిల్లి ఉండాలని ప్రచారం చేయడం ఎంత కష్టమో ఆలోచించండి పాపం!

లండన్_లక్ష్మి
నేను పదిహేనేళ్ళుగా ఇక్కడే. ఇంగ్లండ్‌లో నల్ల పిల్లి ఎదురొస్తే అదృష్టం. మా ఆఫీసులో పెళ్ళి కుదిరిన అమ్మాయికి నల్ల పిల్లి బొమ్మ ఉన్న గ్రీటింగ్ కార్డు ఇచ్చారు. నేను కంగారుపడి ఆపబోతే అందరూ నవ్వారు. సముద్రం దాటి అమెరికా వెళ్తే అదే పిల్లి దరిద్రం. భాష ఒకటే, పిల్లి ఒకటే.

కామ్డెన్ పక్కన మార్నింగ్టన్ క్రెసెంట్ స్టేషన్ ఎదురుగా పాత సిగరెట్ ఫ్యాక్టరీ ఉంది, కర్రేరాస్ కంపెనీది. 1928లో ఈజిప్టు గుడి స్టయిల్లో కట్టారు. గుమ్మానికి అటూ ఇటూ మనిషికి మించిన ఎత్తులో రెండు నల్ల పిల్లులు కూర్చుని ఉంటాయి. కారణం, వాళ్ళ సిగరెట్ బ్రాండ్ పేరే బ్లాక్ క్యాట్. అదృష్టం అని నమ్మకం లేకపోతే ఏ కంపెనీ అయినా సరుకుకు ఆ పేరు పెడుతుందా? ఇప్పుడున్నవి నకళ్ళు. అసలువి 1960 ప్రాంతంలో తీసేశారు.

ఓడల వాళ్ళకైతే ఇంకా పిచ్చి. 1941 ఆగస్టులో చర్చిల్, రూజ్‌వెల్ట్‌ను కలవడానికి 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' యుద్ధనౌకలో న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళాడు. ఆ ఓడ పిల్లి పేరు బ్లాకీ. అది పక్కనున్న అమెరికా ఓడలోకి దూరబోతుంటే చర్చిల్ వంగి ఆపుతున్న ఫోటో ఇక్కడ అందరికీ తెలుసు. అదే డిసెంబరు 10న జపాన్ విమానాలు ఆ ఓడను ముంచేశాయి. పిల్లి మాత్రం బతికి సింగపూర్ చేరింది. ఇప్పుడు అదృష్టం ఎవరికో మీరే తేల్చండి.

వాదన_వద్దు
లక్ష్మి గారూ, పిల్లికే! 😂

బుర్రకథ_బాబాయ్
ఆలస్యంగా చూశాను, పొలం పనుల్లో ఉండి. శీనూ, మీ అమ్మగారి మాటలోనే జవాబు ఉంది నాయనా. మన పాత కథల్లో పిల్లి మీద ఫిర్యాదులు బోలెడు. కానీ అవి రంగు మీద కాదు, బుద్ధి మీద.

భారతం ఉద్యోగపర్వంలో ఉలూకుడు దుర్యోధనుడి మాటగా ధర్మరాజుకు ఒక కథ వినిపిస్తాడు. గంగ ఒడ్డున ఒక పిల్లి చేతులు పైకెత్తి తపస్సు పట్టింది. నమ్మిన ఎలుకలు దాని అండ చేరాయి. తపస్వి రోజురోజుకూ బలుస్తున్నాడు, ఎలుకలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. నువ్వూ ఆ పిల్లిలాంటి ధర్మాత్ముడివే అని ఎత్తిపొడుపు. మహాబలిపురం వెళ్ళినవాళ్ళు ఏడో శతాబ్దపు పెద్ద కొండశిల్పం కింద ఈ పిల్లిని చూసే ఉంటారు. వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు నెత్తి మీదికెత్తి, పైనున్న అసలు మునిని అనుకరిస్తూ ఉంటుంది. చుట్టూ ఎలుకలు. పల్లవ శిల్పికి మంచి హాస్యం ఉంది. మనుస్మృతి కూడా దొంగ భక్తులకు బైడాలవ్రతికులు, అంటే పిల్లి వ్రతం పట్టినవాళ్ళు, అని పేరు పెట్టింది. పంచతంత్రంలో కుందేలూ పక్షీ తగువు తీర్చమని వెళ్తే ఇద్దరినీ తిన్న పిల్లి పేరు దధికర్ణుడు. పెరుగు రంగు చెవులవాడన్నమాట! నల్లదనం ఎక్కడుంది ఇందులో?

మన సామెతలు చూడు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది. చంకన పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్తాం. పిల్లికి బిచ్చం పెట్టని పిసినారులున్నారు. ఉట్టి మీద పాలూ, దొంగతనమూ, చెలగాటమూ ఉన్నాయి. దెయ్యం లేదు. తెనాలివాడి పిల్లి కూడా వేడి పాలకు మూతి కాలి పాలంటేనే పారిపోయింది గాని, మంత్రాలు వేయలేదు.

ఇంకో వైపు చూస్తే, దేవుణ్ణే పిల్లితో పోల్చినవాళ్ళం మనం. శ్రీవైష్ణవుల్లో తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకోవాలి. పిల్లికూనకు ఆ కష్టం లేదు, తల్లే నోట కరిచి తీసుకుపోతుంది. భగవంతుడు భక్తుణ్ణి అలా తీసుకుపోతాడని వారి సిద్ధాంతం. పొద్దున్నే ఆ సిద్ధాంతం చదువుకుని, వీధిలోకి రాగానే పిల్లిని చూసి వెనక్కి తిరిగే స్వాములను నేను ఎరుగుదును.

సత్తెనపల్లి_శీను
బాబాయ్ గారూ 🙏 శాంతిపర్వంలో కూడా పిల్లి కథ ఉందంటారు కదా?

బుర్రకథ_బాబాయ్
ఉంది. మర్రిచెట్టు కింద వలలో చిక్కిన పిల్లి లోమశుడు, ఎలుక పలితుడు. ఒకరి అవసరం ఒకరిదై స్నేహం చేస్తారు. వేటగాడు దగ్గరికొచ్చేదాకా ఎలుక వల తాడు పూర్తిగా కొరకదు. ఎందుకంటే ముందే విడిపిస్తే మిత్రుడు తినేస్తాడు. అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన రాజనీతి అది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీలు తప్పక చదవాల్సిన కథ.

కేజీపీ_కుర్రాడు
మా తాత రైల్వేలో చేరి శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చారు. ఇక్కడ మన తెలుగువాళ్ళం ఎంతమందిమో తెలిసినవాళ్ళకు తెలుసు. అందుకే బెంగాలీల వైపు నుంచి ఒకటి చెప్తాను, మీరెవరూ ఎత్తలేదు.

ఇక్కడ పిల్లల్ని కాపాడే దేవత షష్ఠీదేవి. ఆమె వాహనం పిల్లి. వ్రతకథలో అది నల్ల పిల్లే. ఒకింట్లో చిన్నకోడలికి తిండి యావ. వంటింట్లో చేపలూ పాలూ దొంగతనంగా తిని, నల్ల పిల్లి తినేసిందని అత్తగారికి చెప్పేది. తిట్లూ దెబ్బలూ పిల్లికి. పిల్లి వెళ్ళి తన అమ్మవారితో మొరపెట్టుకుంది. ఆ తర్వాత కోడలికి బిడ్డ పుట్టినప్పుడల్లా రాత్రికి రాత్రి మాయం. పిల్లి నోట కరుచుకుని అమ్మవారి దగ్గర పెట్టేది. ఊరు కోడల్నే రాక్షసి అంది. చివరికి ఆమె ఏడుస్తూ అడవికి పోతే షష్ఠీదేవి కనిపించి, నా పిల్లి కాళ్ళు పట్టుకో, దాని మీద ఇంక నింద వేయకు అంది. కోడలు క్షమాపణ అడిగాక పిల్లలందరూ తిరిగొచ్చారు.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి నాడు ఈ కథ చెప్పుకుంటారు. అదే రోజు అల్లుళ్ళకు మర్యాదలు చేసే జామాయ్ షష్ఠి. మా పక్కింటి బోస్ గారి భార్య వీధి పిల్లిని కర్రతో కొట్టనివ్వదు, షష్ఠీ అమ్మవారికి కోపం అంటుంది. వాళ్ళాయన బయటికి వెళ్ళేటప్పుడు అదే పిల్లి ఎదురొస్తే మాత్రం ఆగుతాడు. ఒకే ఇంట్లో రెండూ నడుస్తాయి.

పాలపిట్ట
ఈ కథ నాకు చాలా నచ్చింది తమ్ముడూ. తప్పు చేసింది మనిషి, దెబ్బలు పిల్లికి. ఇన్ని దేశాల కథల్లో పిల్లి వైపు నుంచి ఫిర్యాదు తీసుకున్న దేవత ఈమె ఒక్కతే అనుకుంటా.

నిర్వాహకుడు
ఈజిప్టు మీద వచ్చిన ఫార్వర్డ్ మెసేజ్‌లు తొలగించాను. "ఈజిప్టు రాణులు నల్ల పిల్లులనే పూజించేవారు" అన్న ఒకే మెసేజ్ ముగ్గురు పెట్టారు. తెలిసింది రాయండి, వచ్చింది అతికించకండి.

పాత_కాగితం
నిర్వాహకుడి గారి పుణ్యమా అని ఈజిప్టు ముచ్చట కూడా తేలుద్దాం. పిల్లిని గౌరవించారు, అందులో సందేహం లేదు. బుబాస్టిస్ ఊరు పిల్లి తల ఉన్న బస్తెత్ దేవతది. ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవారని పాత గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఒక రోమన్ పొరపాటున పిల్లిని చంపితే జనం కొట్టి చంపారని మరో గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. రాజు మనుషులు అడ్డుపడ్డా, రోమ్ అంటే భయం ఉన్నా ఆగలేదట.

కానీ సమాధుల గోడల మీద గీసిన పిల్లులు చూడండి, ఎక్కువగా చారల పిల్లులే, అడవి పిల్లి రంగు. బ్రిటిష్ మ్యూజియంలో ముక్కుకీ చెవులకీ పోగులున్న పిల్లి విగ్రహాన్ని చూసి నల్ల పిల్లి అనుకుంటారు. అది కంచు, లోహం అలాగే నల్లబడుతుంది. ఇక భక్తి ఎంత ఉన్నా, గుళ్ళలో మొక్కులు తీర్చుకోవడానికి పిల్లుల్ని పెంచి, మెడలు విరిచి, మమ్మీలు చేసి అమ్మిన వ్యాపారం కూడా అక్కడిదే. 1890లో అలాంటి మమ్మీలు సుమారు 19 టన్నులు లివర్‌పూల్ రేవుకు వచ్చాయి. వేలం వేసి పొలాలకు ఎరువుగా అమ్మారు. దేవత పిల్లి ఇంగ్లండ్ పొలాల్లో ఎరువైపోయింది.

మంత్రగత్తె పక్కన నల్ల పిల్లి అన్న బొమ్మ కూడా ఇంతే. ఇంగ్లండ్‌లో పేరుమోసిన తొలి మంత్రగత్తె విచారణ 1566లో చెమ్స్‌ఫర్డ్‌లో జరిగింది. ఆగ్నెస్ వాటర్‌హౌస్ అనే ముసలామెను ఉరితీశారు. ఆమె దగ్గరున్న పిల్లి పేరు సాథన్. రికార్డులో దాని రంగు తెల్ల మచ్చలది! ఒక కేకు ఇచ్చి పక్కావిడ దగ్గర కొనుక్కుందట. ఆ కేసులో నల్లగా ఉన్నది కుక్క. పన్నెండేళ్ళ పిల్ల ఇచ్చిన సాక్ష్యంలో అది కొమ్ములతో, కోతి ముఖంతో వస్తుంది. తర్వాత 1645 ప్రాంతంలో మాథ్యూ హాప్కిన్స్ అనేవాడు మంత్రగత్తెల వేట వృత్తిగా పెట్టుకుని ఊరూరా తిరిగాడు. 1647లో అచ్చేసిన కరపత్రంలో జంతు రూపాల్లో వచ్చే దయ్యాల జాబితా ఇచ్చాడు. అందులో పిల్లికూన తెల్లది. నల్లది కుందేలు.

కప్పా, కుక్కా, కుందేలూ, పిల్లీ, ఏది దొరికితే దాన్ని ముసలామె మెడకు కట్టారు. నల్ల పిల్లి ఒక్కటే చివరికి మిగలడానికి గ్రీటింగ్ కార్డులూ, హాలోవీన్ సరుకులూ, కార్టూన్లూ ఎక్కువ కష్టపడ్డాయని నా అభిప్రాయం. మనకు అవే అందాయి.

అనంత_అనామిక
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒకటి రాయాలనిపించింది.

ఎదురు రాకూడనివాళ్ళ జాబితా మన దగ్గర పిల్లితో ఆగలేదు. నూనె కుండ, కట్టెల మోపు, ఒంటి బ్రాహ్మణుడు, విధవ. పిల్లికి తన మీద నింద ఉందని తెలియదు. మా మేనత్తకు తెలుసు. ఇంట్లో ఎవరైనా ఊరికి బయల్దేరుతున్నారంటే ఆమె పెరటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఎవరూ చెప్పేవారు కాదు, ఆమే వెళ్ళేది. నన్ను కాలేజీకి పంపిన రోజు కూడా అంతే, ఫీజు డబ్బులు ఇచ్చింది ఆమే అయినా. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నేను చెప్తున్నది దాని తర్వాత నూరేళ్ళకు.

పెద్దవాళ్ళు ఏదీ ఊరికే చెప్పలేదు అన్నారు పైన ఒకరు. పిల్లి విషయంలో ఎడ్లబండి కారణం వెతికినట్టు, దీనికి కూడా ఏదైనా సైన్స్ వెతుకుతారా?

వాదన_వద్దు
లేదమ్మా. దానికి ఏ సమర్థనా లేదు. మా ఇంట్లోనూ చూశాను.

లండన్_లక్ష్మి
అనామిక గారూ, ఇంగ్లండ్‌లో ఉరి తీసిన ఆడవాళ్ళలో కూడా చాలామంది ఒంటరి ముసలివాళ్ళూ, బీదవాళ్ళూ. వాటర్‌హౌస్ కూడా వితంతువే. తోడుకు పిల్లో కుక్కో ఉంటే అది సాక్ష్యం అయిపోయింది.

పశువుల_డాక్టర్
నిన్నటి నుంచి ప్రైవేట్ మెసేజ్‌లు వస్తున్నాయి, అందరికీ కలిపి ఇక్కడే రాస్తాను.

నల్ల పిల్లి వేరే జాతి కాదు. మామూలు పిల్లి వెంట్రుకలో నలుపూ లేత రంగూ పట్టీలు పట్టీలుగా వస్తాయి. ఏఎస్‌ఐపీ అనే జన్యువులో రెండే రెండు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోతే ఆ పట్టీలు పోయి వెంట్రుక మొత్తం నల్లగా వస్తుంది. 2003లో పరిశోధకులు దీన్ని తేల్చారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. కాబట్టి రెండు చారల పిల్లులకు కూడా ఒక్కోసారి నల్ల కూన పుడుతుంది. అందులో వింతేమీ లేదు, ఎవరి శాపమూ లేదు. ఎండలో పడుకున్న నల్ల పిల్లిని దగ్గరగా చూడండి, లోపల చారలు లీలగా కనిపిస్తాయి.

ఎండకు ఒళ్ళు ఎర్రబారుతోంది, జబ్బా అని ఒకరు అడిగారు. ఎక్కువ ఎండలో తిరిగే నల్ల పిల్లులకు మామూలే. మేతలో టైరోసిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థం) తక్కువైనా అలా అవుతుంది. అన్నం, పెరుగు మాత్రమే పెట్టకండి. చేపో గుడ్డో కోడిమాంసమో పడాలి. పిల్లి శాకాహారి కాదు, మీ ఇంట్లో వాళ్ళు అయినా సరే.

కేజీపీ_కుర్రాడు
బాంబే క్యాట్ అని నల్లగా నిగనిగలాడే జాతి ఒకటి ఉంది కదా డాక్టర్ గారూ, అది మన ముంబైదేనా?

పశువుల_డాక్టర్
కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 1950ల్లో నిక్కీ హార్నర్ అనే ఆవిడ బర్మీస్ పిల్లినీ నల్ల అమెరికన్ పిల్లినీ కలిపి పుట్టించింది. చూడ్డానికి మన దేశపు నల్ల చిరుత బుల్లి రూపంలా ఉండాలని ఆమె కోరిక, అందుకని బాంబే అని పేరు పెట్టింది.

పాలపిట్ట
అమెరికా పిల్లికి బొంబాయి పేరు, మన భయానికి హాలోవీన్ బొమ్మ. లెక్క సరిపోయింది.

సత్తెనపల్లి_శీను
మన దగ్గర నల్ల పిల్లి అంటే గౌరవం ఉన్నది ఒక్కచోటే. 1984లో పెట్టిన ఎన్‌ఎస్‌జీ కమాండోలు! నాయకుల కాపలాకు వాళ్ళను పెట్టిన రోజుల్లో చుట్టూ బ్లాక్ క్యాట్స్ ఉంటే అదో స్టేటస్‌గా ఉండేది. రోజూ డజను నల్ల పిల్లులు ఎదురొచ్చినా ఏ నాయకుడూ నామినేషన్ ఆపుకోలేదు.

పోప్ లేఖ, కైరో విషయం మా టీమ్ మేట్‌కు పంపాను. "అయితే జపాన్‌లో ఏమంటారో కనుక్కో" అన్నాడు. ఎవరికైనా తెలుసా?

లండన్_లక్ష్మి
మా చెల్లి టోక్యోలో ఉంటుంది, తను చెప్పింది రాస్తున్నా. షాపుల్లో చెయ్యి ఊపే పిల్లి బొమ్మ, మానెకి నెకో, తెల్లది మంచి జరగడానికి, బంగారు రంగుది డబ్బుకి, నల్లది చెడును తరమడానికి. ఇంట్లో నల్ల పిల్లి ఉంటే క్షయ తగ్గుతుందని అక్కడ పాత నమ్మకం కూడా ఉందట. మనం దిష్టికి గుమ్మడికాయ కడితే వాళ్ళు నల్ల పిల్లిని పెట్టుకున్నారు.

వాదన_వద్దు
మరి అక్కడ నల్ల పిల్లి ఎదురొస్తే ఆగాలా, వద్దా?

లండన్_లక్ష్మి
అడిగాను. "ఫోటో తీసుకోవడానికి ఆగుతారు" అంది.